మూగనోము పట్టిన పెట్టె

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందనే సామెతను యిరవై యేళ్లుగా తరగతిలో పిల్లలకు చెబుతూనే వున్నాను. చెప్పడమే గాని, దాని అర్థం నాకు సరిగ్గా బోధపడింది మాత్రం 2025 డిసెంబరులో, బి.కొత్తకోటలో మా యింటి నడవలో, రాత్రి తొమ్మిదిన్నర గంటలకు. బోధించిన గురువు ఎవరంటారా? ఒక యినప పెట్టె. అందులో నా స్వహస్తాలతో నేను దోపిన, జానెడు కూడా లేని ఒక పచ్చ పలక.

ఆ పెట్టె మా యింటి కంప్యూటరు. 2018లో కొన్నాము. కొన్ననాడు లేడిపిల్లలా పరుగెత్తేది. ఏడేళ్లు తిరిగేసరికి ముసలెద్దు అయిపోయింది. మీట నొక్కి, ముఖం కడుక్కుని, కాఫీ తాగి వచ్చినా తెరమీద ఆ సున్న తిరుగుతూనే వుండేది. "మీ పెట్టె లేచేలోగా నేను సంగటి కెలికి ముద్దలు చేసేస్తాను" అని మా ఆవిడ యెగతాళి. దానికి ప్రతి సమాధానం లేక వూరుకునేవాణ్ణి.

ముసలిదైతేనేం, పడివుండనీ, అని వదిలేద్దును. కాని ఆ పెట్టెలో మా అమ్మ వుంది.

కంగారుపడకండి. అమ్మ పోయి రెండేళ్లు. పోకముందు ఒక వేసవి సెలవుల్లో, సాయంకాలంపూట వసారాలో కూర్చోబెట్టి, ఎదురుగా నా ఫోను పెట్టి ఆమె చేత పాడించాను. దంపుడు పాటలు, పెళ్లిలో నలుగుపెట్టే పాటలు, వానలు మొఖం చాటేసిన యేడు వూరి ఆడవాళ్లంతా కలిసి పాడుకునే పాటలు. మధ్యలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చెప్పిన కబుర్లు. మొత్తం నలభైమూడు ముక్కలు. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి గదా, వీటన్నిటినీ అక్షరరూపంలో పెట్టి ఒక పుస్తకం వెయ్యాలని సంకల్పం. ముక్కలన్నీ ఫోనులోనుంచి కంప్యూటరులోకి మార్చుకున్నాను. ఆ తర్వాత ఆ ఫోను తొట్టినీళ్లలో పడి పైలోకానికి పోయింది. అంటే యింక అమ్మ గొంతు ఈ భూప్రపంచంలో వున్నది ఆ ఒక్క పెట్టెలోనే. ఈ మాట అప్పట్లో నాకు తట్టనే లేదు. తట్టివుంటే యీ వ్యాసం రాసే పని లేకపోయేది.

ఆదివారం అమ్మ తిథి. మా అక్క కోలారు నుంచి వస్తోంది. వారం ముందే ఫోను చేసి, "రేయ్ నాయనా, ఈసారైనా అమ్మ గొంతు యినిపిస్తావా? పోయినేడు గూడా యిదిగో అదిగో అన్నావు" అంది. ఆ పాటల వెనక పక్కింటి మిక్సీ రొదా, రోడ్డుమీద బస్సుల హారన్లూ కలిసిపోయి వున్నాయి. రొద తగ్గించే ప్రోగ్రాం ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. ఒక పాట అందులో తెరిచేసరికి పెట్టె కదలదు, మెదలదు. తెలిసినవాళ్లను అడిగితే "మీ దాంట్లో మెమరీ నాలుగు జీబీయే సార్. ఇంకో ఎనిమిది జీబీ వేసుకోండి, గుర్రమైపోతుంది" అన్నారు.

గురువారం సాయంత్రం కాలేజీ కాగానే అంగళ్లు మీదుగా మదనపల్లెకు బస్సులో వెళ్లాను. అంగడాయన ధర చెప్పాడు. నేను పక్కనున్న కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

"ఏం చేస్తాం సార్! ఏఐ కోసమని పెద్ద పెద్ద కంపెనీలు చిప్పులన్నీ కొనేస్తా వుండాయి. ఫ్యాక్టరీలోళ్లు గూడా వాళ్లకే ముందు యిస్తా వుండారు. మనకొచ్చేది తగ్గిపోయ, ధర పెరిగిపోయ" అన్నాడాయన.

ఆయన మాట అబద్ధం కాదు. 2025 చివరి నెలల్లో ప్రపంచమంతటా మెమరీ ధరలు అమాంతం పెరిగాయి. ఐనా ధర పెరిగిందని మదనపల్లెవాళ్లకు ఒకరు చెప్పాలా? 2023 జూలైలో యిక్కడి మార్కెట్టులోనే టమోటా కిలో నూరు రూపాయలు దాటి ఎగిరిపోతే కళ్లారా చూసినవాళ్లం. అప్పుడు టమోటా లేని రసం తాగాము. ఇప్పుడు అక్క వస్తోంది. డబ్బులిచ్చి, ఆ పచ్చ పలకను తాళిబొట్టులా చొక్కా లోపలి జేబులో దాచుకుని యిల్లు చేరాను.

ఇక శస్త్రచికిత్స. అంగడాయన తానే వేసిస్తానని, పెట్టె తీసుకురమ్మన్నాడు. ఇంత చిన్న పనికి పెట్టె మోసుకు తిరగడమెందుకని నేనే పూనుకున్నాను. రెండు వీడియోలు చూశాను. మా ఆవిడ టార్చిలైటు పట్టుకుంది. నేను హార్సిలీకొండ చలిగాలికి దడిసి వూలు స్వెట్టరు వేసుకుని, తలకు మఫ్లరు చుట్టుకుని, యంత్రం ముందు బాసిపట్లు వేసి కూర్చున్నాను. మూత తీస్తే లోపల ఏడేళ్ల దుమ్ము. పాత పలక ఒక గాడిలో వుంది, పక్కగాడి ఖాళీ. కొత్తదీ పాతదీ ఒకటేనా అని పోల్చి చూద్దామని పాతదాన్ని కూడా పీకాను. చేతిలోకి వచ్చింది గదా అని తువ్వాలుతో తుడిచాను. మళ్లీ దాని స్థానంలో దాన్ని పెట్టి, పక్కన కొత్తదాన్ని పెట్టాను. గట్టిగా నొక్కితే విరుగుతుందేమోనని భయం. కోడిగుడ్డును పట్టుకున్నట్టు పట్టుకుని, బొటనవేలితో అలా అద్దాను.

"ఇటుపక్క రవ్వంత ఎత్తుగా వుందేమోనండీ" అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు? టార్చి సరిగ్గా పట్టు" అన్నాను.

మీట నొక్కాను. ఫ్యాను గిర్రున తిరిగింది. దీపం వెలిగింది. లోపల ఏదో కీచుమని కూసింది. తెర మాత్రం కాటుకరాసినట్టు నల్లగా వుండి, సిగ్నల్ లేదని ఒక మాట చూపించి అదీ ఆర్పేసుకుంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. పదిసార్లు నొక్కాను. పెట్టె మూగనోము పట్టింది.

వెంటనే కొత్త పలకను తీసేశాను. పాతదానితోనే నిన్నటిదాకా నడిచింది గదా, యిప్పుడూ నడవాలి. నడవలేదు! అప్పుడు నా గుండె జారింది. కొత్తది పోతే డబ్బు పోయిందనుకోవచ్చు. పాతది కూడా పలకడం లేదంటే లోపల ఏదో కాలిపోయినట్టే. మెమరీ అంటే జ్ఞాపకశక్తి అనే గదా నాకు తెలిసిన అర్థం? జ్ఞాపకశక్తి పోయినవాడికి పాటలు ఎక్కడ గుర్తుంటాయి? నలభైమూడు ముక్కలూ నా చేతుల మీదుగానే పోయాయని తీర్మానించుకున్నాను.

ఇలాంటి సమయాల్లో సలహాలకు కరువుండదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడొకాయన వుంటాడే, ఆ రాత్రి మా వీధిలో అలాంటివాళ్లు నలుగురు బయలుదేరారు. ఒకాయన కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. ఒకాయన ఎలుక వైరు కొరికి వుంటుందన్నాడు. మా బావమరిది ఫోనులో, "ఏముంది బావా, రేపు ఎవరినైనా పిలిచి ఫార్మాట్ కొట్టించు, అంతా సరిపోతుంది" అన్నాడు. ఆ మాట నాకు వైద్యంలాగే వినిపించింది. సరేనన్నాను కూడా. ఫార్మాట్ అంటే వున్నదంతా తుడిచి అలికి ముగ్గుపెట్టడమని తెల్లవారాక తెలిసింది.

ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారుజాము మూడింటికి దుఃఖం కోపంగా మారింది. ఆ అంగడాయనే పాడైన సరుకు అంటగట్టాడు. దాని మూలంగానే నా పెట్టె కాలింది. పొద్దున్నే మొదటి బస్సుకు పోయి, నలుగురిలో నిలదీసి... ఏయే మాటలనాలో కూడా పేర్చుకున్నాను. భాషావేత్తను గదా, మాటలకు లోటేమిటి!

పొద్దున నేను చెప్పులు వేసుకుంటూ వుండగా మా ఆవిడ అడ్డుపడింది. "ఒక్క అరగంట ఆగండి. మీ స్టూడెంటు, ఆ వీధి చివర అమ్మాయి, బెంగుళూరునుంచి వచ్చి వుంది. కబురంపాను" అంది.

ఆ అమ్మాయి నాకు బాగానే గుర్తుంది. పద్యం అప్పగించమంటే మూడో పాదంలో ఆగిపోయి దిక్కులు చూసేది. "నీ తలలో ఏమీ నిలవదమ్మా" అని నేను తరగతిలో అందరిముందూ అన్న రోజులున్నాయి. ఇప్పుడు బెంగుళూరులో కంప్యూటర్ల మంచి చెడ్డా చూసే వుద్యోగం చేస్తోందట. వచ్చింది, గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది, పెట్టెవంక చూసింది.

"చివరగా ఏం చేసినారు సార్ దీన్ని?" అంది.

పాఠకులు నన్ను క్షమించాలి. "ఏమీ చెయ్యలేదమ్మా, దానంతట అదే ఆగిపోయింది" అన్నాను.

ఇరవై యేళ్లుగా పిల్లలు నాతో చెప్పే జవాబు అది. నేను ఒక్కసారీ నమ్మని జవాబు. ఆ పిల్ల కూడా నమ్మలేదు. చిన్నగా నవ్వి వూరుకుంది. ఆ నవ్వు చూశాక దాచలేకపోయాను. పలక కొనడం, పాతది పీకడం, తువ్వాలుతో తుడవడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఇదే సార్ ముందు కావాల్సింది. నిన్నటిదాకా నడిచి యివాళ ఆగిందంటే, నడుమ ఏం మారిందో అదే మొదట చూడల్ల. మిగతావన్నీ తర్వాత" అంది. తర్వాత, "కూసింది గదా, ఎన్నిసార్లు కూసింది?" అని అడిగింది.

నేను తెల్లమొహం వేశాను. అవధానంలో ఘంటాగణనం అని ఒక అంశం వుంది. అవధాని పద్యాలు చెబుతూ వుండగా ఒకాయన నడుమనడుమ గంట కొడుతూ వుంటాడు. మొత్తం ఎన్ని గంటలో అవధాని చివర చెప్పాలి. ఈ సంగతి ఏటేటా పాఠంగా చెప్పే నేను, నా యింట్లో నా పెట్టె కొట్టిన గంటలు లెక్కపెట్టలేదు!

ఆ అమ్మాయి విప్పి చెప్పింది. కంప్యూటరు మీట నొక్కగానే తెర వెలగకముందే తన అవయవాలన్నీ వున్నాయో లేదో తానే తడిమి చూసుకుంటుందట. మెమరీ కనబడకపోతే తెరమీద రాసి చూపించే శక్తి అప్పటికి దానికి వుండదు. అందుకని కూతపెట్టి చెబుతుంది. ఎన్ని కూతలకు ఏమి అర్థమన్నది తయారుచేసినవాళ్లను బట్టి మారుతుంది. బోర్డుతోబాటు యిచ్చే చిన్న పుస్తకంలో వుంటుంది. కొన్ని బోర్డులకు కూత వుండదు, దానికి బదులు చిన్న చిన్న దీపాలుంటాయి. ఏది వెలిగివుంటే రోగం అక్కడ. "మీది మూగనోమేం కాదు సార్. అది చెబుతానే వుంది, మనమే యినలేదు" అంది.

ఇక పని మొదలుపెట్టింది. ముందు గోడనుంచి ప్లగ్గు పీకించింది. పీకినాక కూడా మీట కొన్ని క్షణాలు నొక్కిపట్టమంది, లోపల మిగిలిన విద్యుత్తు పోవడానికి. నన్ను చూసి, "ఆ స్వెట్టరు తీసేయండి సార్" అంది. చలికాలపు పొడిగాలిలో వూలు రాసుకుంటే వొంటిమీద విద్యుత్తు నిలుస్తుంది. చీకట్లో కంబళి దులిపితే చిటపటమంటుందే, అది. మనకు చిటుక్కుమనే అంత విద్యుత్తు ఆ చిప్పులకు పిడుగుపాటు. ఆమె పెట్టె లోపలి రంగులేని యినుమును ఒకసారి తాకి, తర్వాతే పలకమీద చెయ్యి వేసింది.

మొదట వున్న ఒక్క పలకనూ తీసేసి, ఉత్త గాడులతోనే మీట నొక్కింది. పెట్టె కూసింది. "బోర్డు బతికే వుంది సార్. మెమరీ లేదని అరుస్తా వుంది" అంది. రాత్రినుంచి నేను విన్న మొదటి మంచిమాట అది.

మళ్లీ ప్లగ్గు పీకింది. పాత పలకను అంచులతో పట్టుకుని దాని అడుగున వరసగా వున్న బంగారురంగు పళ్లను వెలుతురులో చూపించింది. వాటిమీద నా తువ్వాలు నూగు, నా వేలిజిడ్డు. మా అబ్బాయి పెన్సిలు రబ్బరు అడిగి తీసుకుని, ఆ పళ్లమీద మెత్తగా నాలుగుసార్లు రాసి, పొడి లేకుండా తుడిచింది. గాడిలో దుమ్ము బ్రష్షుతో తీసింది. గాడికి రెండు చివర్లా వున్న కొక్కేలు వెనక్కి వంచింది. పలకకు అడుగున ఒక గంటు వుంటుంది. గాడిలో దానికి సరిపడా ఒక గట్టు వుంటుంది. రెండూ కలిస్తేనే దిగుతుంది. వాటిని కలిపి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కింది. ఆ నొక్కుడుకు నా ప్రాణం విలవిల్లాడింది. టక్, టక్ అని రెండు కొక్కేలూ వాటంతటవే లేచి పలకను పట్టుకున్నాయి.

"ఈ చప్పుడు రాత్రి యిన్నారా సార్?"

వినలేదు. రాత్రి ఒక పక్కే దిగింది. రెండో పక్క రవ్వంత ఎత్తుగా వుండిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ అనడం.

మీట నొక్కితే పెట్టె లేచింది. తెర తెల్లవారింది. ఐతే ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. ఆర్పి, పాతది తీసి, కొత్తదాన్ని ఒక్కదాన్నే పెట్టి చూసింది. లేచింది. తర్వాత రెండూ కలిపి పెట్టింది. లేచింది. పన్నెండు జీబీ అని తెరమీద చూపించింది. "ఒకసారికి ఒకటే మార్చల్ల సార్. రెండు ఒకేసారి మారిస్తే తప్పెవరిదో తెలీదు" అంది. అంగడాయన సరుకు బంగారంలా వుంది. తప్పు నాది. మొదటి బస్సుకు పోయివుంటే నలుగురిలో తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణో!

"మరి పాటలు?" అన్నాను, నాలుక తడారిపోతూ వుండగా.

"పాటలకేమయింది సార్? అవి దీంట్లో యాడుండాయి?" అంది.

ఆ పలకలో పాటలు లేవు. ఎప్పుడూ లేవు. ఇక్కడే నా ఎమ్మే నన్ను ముంచింది. మెమరీ అన్న మాటను జ్ఞాపకం అని అనువదించుకుని, అందులోనే అంతా దాగివుంటుందనుకున్నాను. దాచేది వేరు, అది డిస్కు. ఈ పలక కేవలం మన తరగతిలోని నల్లబల్లలాంటిది. బీరువాలోని పుస్తకం తీసి బల్లమీద రాసుకుంటాము, లెక్క చేసుకుంటాము, గంట కొట్టగానే తుడిచేస్తాము. బల్ల పెద్దదైతే ఒకేసారి ఎక్కువ రాసుకోవచ్చు, పని చకచకా సాగుతుంది. బల్ల విరిగినంతమాత్రాన బీరువాలో పుస్తకాలు చిరగవు. తెరదాకా రాని పెట్టెకు ఫార్మాట్ కొట్టించడమంటే, బల్ల విరిగిందని బీరువాకు నిప్పుపెట్టడమే.

ఆ పలక యొక్క మతిమరుపు ఎంతటిదో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇప్పటి మెమరీకి మూలమైన ఆలోచన అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. 1966లో తట్టింది, 1968లో పేటెంటు వచ్చింది. ప్రతి అక్షరపు తునకనూ ఒక బుల్లి విద్యుత్పాత్రలో నింపడం ఆ పద్ధతి. ఐతే ఆ పాత్ర ఓటికుండ. నింపిన విద్యుత్తు కారిపోతూనే వుంటుంది. అంచేత మామూలుగా సెకనులో వెయ్యోవంతులు 64 గడిచేలోగా ప్రతి కుండనూ చూసి మళ్లీ నింపుతూ వుండాలి. కరెంటు ఆగిందా, అంతా ఖాళీ. 1970లో ఇంటెల్ కంపెనీ అమ్మిన 1103 అనే చిప్పులో అలాంటి కుండలు 1024 వుండేవి. నేను జేబులో దాచుకుని తెచ్చిన ఎనిమిది జీబీ పలకలో దాదాపు 6,870 కోట్లు. అన్ని కోట్ల కుండలున్నా, మీట ఆర్పితే అమ్మ పాడిన ఒక్క చరణం మిగలదు!

మన అవధానులది వేరే దారి. శతావధానంలో నూరుమంది పృచ్ఛకులు అడిగితే, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, అన్నీ పూర్తయ్యాక కాగితం ముట్టకుండా నూరు పద్యాలూ వరసగా అప్పగిస్తారు. దానికి ధారణ అని పేరు. తిరుపతి వేంకట కవులు వూరూరా సభలు చేసి మెప్పించింది ఆ విద్యతోనే. వాళ్లకు నల్లబల్లా బీరువా రెండూ ఒకే తలలో వుండేవి. మనలాంటివాళ్లకు రెండూ వేరువేరు, మన పెట్టెలకూ వేరువేరు. ఏది ఏదో తెలిసివుంటే ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

ఇలాంటి పనికి పూనుకునే పాఠకులకు ఆ అమ్మాయి చెప్పినవి మరి రెండు మూడు ముక్కలు. మెమరీ పలకల్లో జాతులున్నాయి. డీడీఆర్ 3, డీడీఆర్ 4, డీడీఆర్ 5 అని వాటి పేర్లు. ఒక్కోదానికి గంటు ఒక్కోచోట వుంటుంది, తాగే విద్యుత్తూ వేరు. ఒకదాని గాడిలో యింకొకటి దిగదు. బలవంతాన దింపితే రెండూ చెడతాయి. అంచేత నొక్కేముందు గంటు కలిసిందా అని చూడాలి, కలిశాక నొక్కడానికి జంకకూడదు. డీడీఆర్ 5 పెట్టెలు కొత్త పలక వేసిన మొదటిసారి తమలో తాము సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. తెర నల్లగా వుందని వెంటనే ఆర్పేయకుండా ఓపికపట్టాలి. పలకలు ఒక్కొక్కటీ పలికి, కలిపితే పలకకపోతే, రెంటికీ పొత్తు కుదరలేదేమో చూడాలి. ఇవేవీ పనిచెయ్యకపోతే, ప్లగ్గు పీకి, బోర్డుమీద రూపాయి బిళ్లంత బ్యాటరీని కాసేపు తీసి పెడితే పాత అమరికలు మరిచిపోయి కొత్తగా మొదలుపెడుతుంది. అప్పటికీ కాకపోతే తెలిసినవాళ్ల దగ్గరికి మోసుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు.

వెళ్లేముందు ఆ అమ్మాయి, "సార్, ఆ పాటలు యింకెక్కడన్నా పెట్టినారా?" అని అడిగింది. లేదన్నాను. ఈసారి నవ్వలేదు. "పెట్టె యీరోజు లేచింది. డిస్కు గూడా ఒకరోజు పోతుంది సార్, ఎవరిదైనా పోతుంది" అని, తన సంచిలోంచి పెన్‌డ్రైవు తీసి నలభైమూడు ముక్కలూ దాంట్లో నకలు చేసి నా చేతిలో పెట్టింది. ఇంకొక నకలు అక్క ఫోనులో పెట్టమంది. మూడుచోట్ల వుండాలట, అందులో ఒకటి వేరే వూళ్లో వుండాలట. విత్తనాల వేరుశనగను ఒక్క గాదెలోనే పోయకూడదని మా నాయన అనేవాడు. సేద్యం వదిలి వుద్యోగంలోకి వచ్చాక ఆ మాట నాకు అక్కరలేదనుకున్నాను.

"నీ తలలో ఏమీ నిలవదని అన్నాను గదమ్మా నిన్ను" అన్నాను గుమ్మందాకా సాగనంపుతూ.

"అవును సార్, గుర్తుంది" అంది. అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఆదివారం తిథి ముగిసి, భోజనాలయ్యాక, అక్కను పెట్టె ముందు కూర్చోబెట్టాను. రొద చాలావరకు తగ్గింది. అమ్మ గొంతు నడవంతా నిండింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ మాట్లాడలేదు. పన్నెండో ముక్కలో ఒక దంపుడు పాట. సగంలో అమ్మ ఆగిపోయింది. కాయలు ఒలిచే చప్పుడు. ఆ తర్వాత, "ఆ పైది మరిసిపోయినా నాయనా, తల పనిచెయ్యలా" అంటుంది. అక్కడికి అది ఆఖరు. ఎన్నోసార్లు విన్నాను. పుస్తకంలో అక్కడ చుక్కలు పెట్టి వదిలేద్దామనుకున్నాను.

పెట్టె ఆగింది. అక్క కొంగు తీసి, గొంతు సవరించుకుని, అమ్మ ఆపినచోటునుంచి అందుకుంది. పాట చివరిదాకా పాడింది. చేతులు రెండూ రోకలి పట్టుకున్నట్టు వాటంతటవే ఆడుతున్నాయి. కోలారులో ముప్ఫై యేళ్లుగా కాపురం. వడ్లు దంచిందెప్పుడో, మరచిందెప్పుడో.

నేను గబగబా ఫోను తీసి ఆమె ఎదురుగా పెట్టాను. "మళ్లీ మొదటినుంచి పాడక్కా" అన్నాను.

అది నలభైనాలుగో ముక్క. దాన్ని ఆ రాత్రే మూడుచోట్ల పెట్టాను.